ఏ కొక్కేనికి

ఫ్యాక్టరీ క్వార్టర్లు, మూడో వరుస, ఆఖరి ఇల్లు
జూన్ 9

బావమరిదికి,

పద్దెనిమిదేళ్ళ తర్వాత రాస్తున్నాను కదా అని కుశల ప్రశ్నలు ఉంటాయని వెతక్కు. లేవు. నాకు అక్షరాలు తక్కువ. ఇదివరకు ఎవరికి ఏం రాయాలన్నా నేను చెబితే మీ అక్క రాసేది. ఇది ఆమెతో రాయించేది కాదు. అందుకని కొలతలు గీసే పెన్సిలు చెక్కుకుని నేనే కూర్చున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

నువ్వు నా కొడుకును చంపావు. ఈ మాట నీ మొహం మీద ఎన్నడూ అనలేదు. విచారణ రోజున నా సాక్ష్యం నేను చెప్పి, నీ వంక చూడకుండా ఇంటికొచ్చేశాను. అప్పటినుంచి గొంతులోనే పెట్టుకున్నాను. ఇక నా వల్ల కాదు.

నీ పని ఏమిటి ఆ రోజు? బాయిలర్‌లోకి దిగే మ్యాన్‌హోల్ తలుపు దగ్గర నిలబడడం. అంతే. లోపల పట్టిన పొరను చెక్కడానికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను తలుపు పక్క బోర్డుకు తగిలించి దిగుతాడు, పైకొచ్చి తీసుకుంటాడు. బిళ్ళ ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు. చీకట్లో తడిమి కూడా చెప్పొచ్చు. బోర్డు ఖాళీ అయ్యాక కూడా తల లోపల పెట్టి పిలవాలి. సుత్తితో మూడు దెబ్బలు కొట్టాలి. వంద లెక్కపెట్టాలి. అప్పుడు గదా తలుపు బిగించేది. నువ్వు తాగొచ్చావు. బిగించేశావు. పక్క బాయిలర్ నుంచి ఆవిరి వదిలారు. లోపల ఉన్నది ఎవరు? నీ మేనల్లుడు. వాడికి పొడుగోడు అని పేరు పెట్టింది నువ్వే. ఆ తలుపులోంచి దూరడానికి వాడు ఒంటిని మూడు మడతలు వెయ్యాలని నవ్వేవాడివి.

రెండేళ్ళు జైల్లో ఉన్నావు. సరే. బయటికొచ్చి బాప్తిస్మం తీసుకున్నావని విన్నాను. సరేలే, ఎక్కడో ఒకచోట పడుంటాడు అనుకున్నాను. మొన్న ఆదివారం మా కొత్త పాస్టరు, నా మనవడంత ఉంటాడు, ఒక కాగితం తీసి చదివాడు. నిన్ను మీ సంఘంలో పెద్దగా నిలబెడుతున్నారట. రొట్టె పంచే చేతులు నీవట. నువ్వు తప్పు చేసిన చోట కూడా పేరు చదవాలని నియమమట. జులై, ఆగస్టు, సెప్టెంబరు, నెలకోసారి ప్రభువు రొట్టె పంచే బల్ల పెట్టే మొదటి ఆదివారం నాడు చదువుతారు. మూడోసారి నువ్వే వచ్చి మా అందరి ముందూ నిలబడాలట. ఎవరికైనా అభ్యంతరం ఉంటే రాసివ్వాలట.

నాకుంది.

పద్దెనిమిదేళ్ళుగా నేను ఆ బల్ల దగ్గరికి పోలేదు. ఆఖరి బెంచీలో కూర్చుని, రొట్టె పళ్ళెం వస్తే పక్కవాడికి అందిస్తాను. అది నీ వల్లే. దేవుడు నిన్ను క్షమించాడని ఊరంతా చెప్పుకుంటున్నావు. పోయింది ఆయన కొడుకా? నా కొడుకు. నన్ను అడక్కుండా నా కొడుకు విషయంలో నిన్ను వదిలెయ్యడానికి ఎవరికి హక్కుంది?

ముప్పై నాలుగేళ్ళు బాయిలర్లు చెక్కించినవాణ్ణి. లోపల పట్టిన సున్నపు పొర నీళ్ళు పోస్తే పోదు. ఉలీ సుత్తీ పట్టుకుని, మోకాళ్ళ మీద పాకుతూ, చేతివెడల్పు చేతివెడల్పు చెక్కాలి. నిన్ను మాత్రం ఓసారి నీళ్ళలో ముంచి తీస్తే శుభ్రం. ఇదెక్కడి కడుగుడు?

జులై మొదటి ఆదివారం లోపల నీ పేరు నువ్వే తీసేయించుకో. లేకపోతే నేను తీయిస్తాను.

నీ బావ


ఆసుపత్రి లాండ్రీ, వెనక గది
జూన్ 21

ప్రియమైన బావగారికి, ప్రభువు నామంలో వందనాలు.

మీ చేతిరాత ఎప్పుడూ చూడలేదు. కవరు మీద అక్షరాలు చూసి ఎవరో చిన్నపిల్లలు రాశారనుకున్నాను. చదువుతూ ఇస్త్రీ బల్ల దగ్గరే కూర్చుండిపోయాను. పక్కామె, "ఎవరైనా పోయారా అన్నా?" అని అడిగింది. "పోయి చాలా కాలమైందమ్మా" అన్నాను.

మీరు రాసినదాంట్లో ఒక్క మాట కూడా కాదనను. తాగాను. పిలవలేదు. సుత్తి ముట్టుకోలేదు. మీరు అభ్యంతరం రాసిస్తే నేను తిరిగి మాట్లాడను. పెద్దరికం నేను అడిగింది కాదు. తాగుడు మానడానికి వచ్చేవాళ్ళతో సాయంత్రాలు కూర్చుంటాను. వాళ్ళే సంఘానికి చెప్పారు, మాకు రొట్టె ఈయన చేత్తో కావాలని.

పోయింది ఆయన కొడుకా అని అడిగారు.  ఆయన కొడుకూ పోయాడు బావగారూ. మీతో వాదించడానికి కాదు, నేను పట్టుకున్న కొమ్మ అదొక్కటే కాబట్టి చెబుతున్నాను. జైల్లో మూడో నెల నుంచి ఒక బట్టతలాయన వాక్యం చెప్పడానికి వచ్చేవాడు, సంచీలో వేరుశనగలు పెట్టుకుని. పాపుల మీద దేవుడి కనికరం గురించి చెబుతుంటే, ఈయన నోరు మూయించాలని నేను చేసింది మొత్తం చెప్పాను. అక్క కొడుకు అని చెప్పాను. ఆవిరి అని చెప్పాను. ఆయన కాసేపు గోడ వైపు చూసి, "అది కూడా" అన్నాడు.  ఆ రెండు మాటలు పట్టుకుని లేచాను. అది తేలిగ్గా దొరికిందని మీరనుకుంటే నేనేం చెప్పలేను. నా చేతిలో చెల్లించడానికి ఏమీ లేనప్పుడు దొరికింది.

మీతో ఒక అవసరం పడింది. పెద్దగా నిలబడేవాడు తన పాపం తన చేత్తో పూర్తిగా రాసి ఇవ్వాలి. రాశాను. ఒకచోట ఆగిపోయింది. నా కళ్ళలో ఇప్పటికీ ఆ బోర్డు ఖాళీగానే ఉంది. తొమ్మిది కొక్కేలు, తొమ్మిదీ ఖాళీ. కానీ మీరు కళ్ళారా చూశారు, బిళ్ళ బోర్డు మీదే ఉందని విచారణలో చెప్పారు. మీరు అబద్ధమాడే మనిషి కారు. కాబట్టి తాగుడు నా కళ్ళు కప్పేసింది. అదే రాస్తున్నాను. అయితే కళ్ళతో చూడని దాన్ని ఒప్పుకుంటుంటే అరువు తెచ్చుకున్న మాటలా ఉంది. బిళ్ళ ఏ కొక్కేనికి ఉందో మీకు గుర్తుండి ఉంటుంది. మొదటిదానికా, చివరిదానికా? అది చెబితే, దాన్ని కళ్ళ ముందు పెట్టుకుని, ఇదిగో దీన్ని చూడలేదు ప్రభువా అని ఒప్పుకుంటాను.

అక్కకు నా వందనాలు చెప్పమని అడిగే ధైర్యం లేదు.

మీ బావమరిది


ఫ్యాక్టరీ క్వార్టర్లు
జులై 8

బావమరిదికి,

నీ ఉత్తరం చేరింది. మొన్న మొదటిసారి చదివారు నీ పేరు. నేను అభ్యంతరం రాసిచ్చాననుకుంటున్నావేమో. ఇవ్వలేదు. కాగితం జేబులోనే ఉంది. పేరు చదవగానే మీ అక్క నా పక్కన బెంచీ అంచు పట్టుకుని గట్టిగా ఏడ్చింది. అందరూ తిరిగి చూశారు. ఇంటికొచ్చే దారిలో, "వాడికి ఇంకేం మిగిలింది, ఇదన్నా దక్కనీ" అంది. కన్నకొడుకు పోయిన ఆమె అన్న మాట ఇది. మీ వంశంలోనే రోషం లేదు.

ఇస్త్రీ చేసీ చేసీ నీ మాటలకు కూడా మడత లేకుండా పోయింది. తిట్టినా వందనాలే. నువ్వు ఒక్క మాట ఎదురన్నా నాకు కాస్త హాయిగా ఉండేది.

ఇక కొక్కెం సంగతి. ఏ కొక్కెమైతే ఏంటి నీకు? తొమ్మిదిలో ఏదో ఒకటి. నంబరు చెబితే పోయినవాడు లేచొస్తాడా? దేవుడు కొక్కేలు లెక్కపెడతాడా? తాగి ఉన్నాను, చూడలేదు అని రాసెయ్. నీ కాగితంలో బోర్డు అన్న మాటే అక్కర్లేదు. పిలవలేదు అని రాస్తే చాలు, అది నిజమే గదా.

పెద్దరికం కావాలంటే చేసుకో. నా కాగితం చింపేస్తాను. మీ అక్క సంతోషం కోసం ఆ మాత్రం చేస్తాను. నువ్వు మాత్రం ఆ బోర్డు జోలికి పోకు. పాత ఇనుము తవ్వి ఎవరు బాగుపడ్డారు?

దీనికి జవాబు అక్కర్లేదు.

నీ బావ


ఆసుపత్రి లాండ్రీ
జులై 27

ప్రియమైన బావగారికి వందనాలు.

జవాబు వద్దన్నారు. క్షమించండి, రాయక తప్పడం లేదు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు ఎవరితోనూ బేరం ఆడిన మనిషి కారు. మేనేజరు వచ్చి సాయంత్రానికల్లా బాయిలర్ వెలిగించాలన్నా, మా పని మేం చేశాకే అని చెప్పిన మేస్త్రి మీరు. ఆ మేస్త్రి నాతో, ఇది వదిలెయ్ అది ఇస్తాను అంటున్నాడు. నాకు భయమేసింది. మీ ఒంట్లో బాగుందా?

కాగితం పెద్దలకు చూపించాను. అందులో ఒకావిడ బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైంది. ఖాళీ వదిలిన చోట వేలు పెట్టి, "ఇదేమిటి బాబూ?" అంది. బావగారి జవాబు కోసం చూస్తున్నానన్నాను. "నీ పాపం నీకు తెలియకుండా ఆయనకు తెలుసా?" అంది. 

అందుకని మీసాలాయనకు ఉత్తరం రాశాను. పక్క బాయిలర్ దగ్గర నిప్పు చూసేవాడే, ఆయనే. కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆ అమ్మాయి రాసింది, ఆయన చెప్పింది చెప్పినట్టు: "బిళ్ళ సంగతి నాకు తెలవదు. భోజనాలకు ముందు పొడుగోడు కుళాయి దగ్గర నీళ్ళు తాగుతున్నాడు. మేస్త్రి బోర్డు దగ్గర నిలబడి వాడికేసే చూస్తున్నాడు, పిడికిలి మూసుకుని. మళ్ళీ ఈ మేస్త్రి ఎవరో ఒకరి పరువు తీస్తాడురా అనుకుని నేను నవ్వుకున్నాను. నన్నెవరూ అడగలేదు, నేను చెప్పలేదు."

ఆ సమయానికి నేను బొగ్గు కుప్ప వెనక సీసాతో ఉన్నాను. వచ్చేసరికి బోర్డు నా కళ్ళకు ఖాళీగా కనిపించింది.

బావగారూ, ప్రభువు సాక్షిగా మిమ్మల్ని అనుమానించి రాయడం లేదు. అనుమానం వస్తే దాన్ని తోసేస్తున్నాను. మళ్ళీ వస్తోంది. మీరే ఆపాలి. పిడికిట్లో ఏముంది? ఒక్క ముక్క రాయండి. లేకపోతే అక్కను అడగాల్సి వస్తుంది. ఆవిడను అడగడం నాకిష్టం లేదు.

మీ బావమరిది


ఫ్యాక్టరీ క్వార్టర్లు
ఆగస్టు 9

తమ్ముడూ,

మీ అక్కను అడక్కు.

ఏ కొక్కేనికీ లేదు. బిళ్ళ నా జేబులో ఉంది.

నువ్వు సరిగ్గానే చూశావు. తాగినా సరిగ్గానే చూశావు.

మొత్తం రాస్తాను, మధ్యలో ఆగితే మళ్ళీ రాయలేను. బిళ్ళ బోర్డు మీద వదిలేసి బయట తిరిగేవాణ్ణి నేనేం చేసేవాణ్ణో నీకు తెలుసు. దాన్ని తీసి జేబులో వేసుకుంటాను. వాడు అందరి ముందూ వచ్చి, "మేస్త్రి గారూ, నా బిళ్ళ ఇప్పించండి" అని అడగాలి. నలుగురూ నవ్వాక ఇస్తాను. ఫ్యాక్టరీ పెట్టిన నియమం కాదు, నేను పెట్టింది. నలభైమంది చేత అడిగించి ఉంటాను. నిన్ను రెండుసార్లు అడిగించాను.

ఆ రోజు మావాడు బిళ్ళ తీసుకోకుండా పైకొచ్చి నీళ్ళు తాగుతున్నాడు. ఇంకొకడైతే చూడనట్టు ఊరుకునేవాణ్ణేమో. కన్నకొడుకును వదిలేస్తే రేపు నా మాట ఎవడు వింటాడు? తీశాను. వాడు చూశాడు. చూడలేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను, చూశాడు. మూతి భుజానికి తుడుచుకుని, నా వంక ఓసారి చూసి, అడక్కుండానే తలుపులోకి ఒంటిని మడిచి దిగిపోయాడు. ఎంతసేపు బిగుసుకుంటాడులే, పైకొచ్చాక అడుగుతాడు అనుకున్నాను. ఇంతలో పంపు దగ్గర పైపు కారుతోందని ఎవడో కేకేశాడు. పోయాను. జేబులో బిళ్ళతోనే పోయాను. తిరిగొచ్చేసరికి ఆవిరి వదిలేశారు. ముందుగా అర్థమైంది నాకే. అరిచింది నేనే. నేను అరిచింది వాణ్ణి చూసి అని తర్వాత అందరూ చెప్పుకున్నారు. అప్పటికి తలుపు ఇంకా తీయనే లేదు.

ఆ బిళ్ళను ఆ సాయంత్రమే పొయ్యిలో పడేశాను.

విచారణలో ఆఫీసరు అడిగాడు, బిళ్ళ బోర్డు మీద ఉందా అని. లేదు అందామనే లేచాను. నా వెనక నలభైమంది ఉన్నారు. "ఉందండీ" అన్నాను. అప్పుడు నువ్వు నా వంక చూసి తలూపావు. నీ కళ్ళకన్నా నా మాటే నమ్మి తలూపావు. ఆ తలూపడం చూడలేకనే మళ్ళీ నీ మొహం చూడలేదు.

నువ్వు పిలిచి ఉంటే వాడు పలికేవాడు. అది నీది, అది నేను మొయ్యను. బోర్డు ఖాళీ చేసింది నేను, అబద్ధమాడింది నేను, నిన్ను జైలుకు పంపింది నేను. అది నాది.

బల్ల దగ్గరికి పోకపోవడం నీ వల్ల అని రాశాను. నీ వల్ల కాదు. ఆ పళ్ళెం దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి లేవదు. ముందు దుఃఖం అనుకున్నారు, తర్వాత పట్టుదల అనుకున్నారు. గౌరవించారు కూడా.

నీ మీద కోపం ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. నీది, నాది, రెండూ కలిపి నువ్వే అడిగేసుకున్నావు. రెంటికీ క్షమాపణ నువ్వే తెచ్చుకున్నావు. నేను ఏ మొహంతో పోయి ఏమని అడగాలి? ఈ పాపం ఇప్పటికే ఒకడు తన పేర రాసేసుకున్నాడని పంపేస్తారా?

మొన్న రెండోసారి చదివారు నీ పేరు. నా కాగితం చింపేశాను.

నీ బట్టతలాయన ఉన్నాడో పోయాడో. ఉంటే ఆయన్ను అడుగు, లేకపోతే నువ్వే చెప్పు. ఆ రోజు "అది కూడా" అన్నాడు గదా. ఇది కూడానా?

నీ బావ


ఆసుపత్రి లాండ్రీ
ఆగస్టు 22

బావగారికి,

అడిగారు కాబట్టి ముందు దానికి జవాబు. ఇది కూడా. బట్టతలాయన పోయి ఆరేళ్ళైంది, ఉన్నా ఆ మాటే అనేవాడు. దేవుడి కనికరానికి నేను కాపలాదారుణ్ణి కాను, తలుపు మూయడానికి. మీ వంతు నేను తీసుకోలేదు. తీసుకోవడం ఎవరి తరం కాదు. మీది మీకోసం అలాగే ఉంది. ఇది రాయడం నాకిష్టమై రాయడం లేదు. నిజం కాబట్టి రాస్తున్నాను.

ఇక నా సంగతి.

పద్దెనిమిదేళ్ళు నేను నా కళ్ళను నమ్మలేదు. రోడ్డు దాటాలంటే రెండు వైపులా మూడుసార్లు చూస్తాను. దుప్పట్లు నాలుగుసార్లు లెక్కపెడతానని ఇక్కడ అందరూ నవ్వుతారు. చర్చిలో తల్లులు పసివాళ్ళను పట్టుకోమని ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకుంటాను. నా కళ్ళ ముందు ఉన్నది నాకు కనిపించదు, నాకివ్వకండి అంటాను. పెళ్ళి వద్దన్నదీ అందుకే. తాగుడు మాని ఒంట్లో ఒక్క చుక్క లేని రోజున కూడా, ఉన్న బిళ్ళను లేదని చూసినవాణ్ణి కదా అని వణికేవాణ్ణి. నేను చేసిన తప్పుకు జైలుకు పోయాను, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నా కళ్ళు ఎందుకు తీసుకున్నారు?

"నీ మొహం మీద అనలేదు, గొంతులో పెట్టుకున్నాను" అని జూన్‌లో రాశారు. అది రాసిన చెయ్యి, బిళ్ళ తీసిన ఆ చెయ్యే కదా. నువ్వు నా కొడుకును చంపావు అని, అన్నీ తెలిసి, పెన్సిలు చెక్కుకుని మరీ రాశారు.

మీ మొదటి ఉత్తరంలో ఉన్న మాటలన్నీ ఇప్పుడు నా నోట్లో ఉన్నాయి. ఈయన్నా క్షమించేది, ఇంత సులువుగానా, నన్నడక్కుండానా అనిపిస్తోంది. ఇన్నాళ్ళూ ఆ కృప గురించి తాగుబోతుల ముందు కూర్చుని చెప్పాను. అది మీకు దక్కుతుందంటే నాకు కడుపు మండుతోంది. ప్రార్థనకు కూర్చుంటే మీ పేరు దగ్గర నోరు పెగలడం లేదు.

మనసులో ఇది పెట్టుకున్నవాడు బల్ల దగ్గర రొట్టె పంచకూడదు. నా పేరు తీసేయమని పెద్దలకు చెప్పాను. కారణం చెప్పలేదు, మీ పేరు బయట పెట్టలేదు. మూడోసారి పేరు చదివే ఆదివారం సెప్టెంబరు ఆరున. ముందు రోజు సాయంత్రం దాకా ఆలోచించుకోమన్నారు. ఆలోచించడానికేం లేదు.

మీ అభ్యంతరం నెగ్గింది బావగారూ. కాగితం చింపాల్సింది కాదు.

ఇట్లు


ఫ్యాక్టరీ క్వార్టర్లు
ఆగస్టు 30

తమ్ముడూ,

చివర "ఇట్లు" అని రాసి పేరు గానీ వరస గానీ పెట్టలేదు. చూశాను. పెట్టాలని నేనడగను.

ఇన్నాళ్ళకు ఎదురన్నావు. హాయిగా ఉంటుందనుకున్నాను. లేదు.

జరిగింది చెబుతాను. నీ ఉత్తరం వచ్చిన రోజునే మీ అక్కకు చెప్పాను. ఉతికిన బట్టలు మడత పెడుతోంది. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనేమోనని. చెయ్యి ఆపకుండా మొత్తం విని, "వాడు నిన్ను అడగలేదా బిళ్ళ ఇమ్మని?" అంది. లేదన్నాను. "అడగడు. నీ కొడుకు గదా" అంది. తర్వాత, "తమ్ముడికి చెప్పావా?" అంది. ముందు నీకే రాశానన్నాను. "అయితే నేను రెండోదాన్ని" అని, నా చొక్కాలు ఒక పక్కకు, తన బట్టలు ఒక పక్కకు పెట్టింది. ఇప్పుడు మావాడి గదిలో పడుకుంటోంది. కంచం పెడుతుంది, మాట్లాడదు. నిన్న మాత్రం గుమ్మంలో నిలబడి, "తమ్ముడు వస్తాడా ఆరో తేదీకి?" అని అడిగింది. తెలియదన్నాను. "అడుగు మరి" అంది. అందుకని అడుగుతున్నాను.

పాస్టరు దగ్గరికి పోయాను. ఆ పిల్లాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "తాతగారూ, దేవుడు క్షమించేవాడు" అని మొదలెట్టాడు. "ఆ ముక్క తర్వాత చెబుదువు గానీ, ముందు నాకు ఆదివారం పది నిమిషాలు ఇయ్యి" అన్నాను. గదిలో కూర్చుని ప్రార్థన చేసుకుందాం, అందరి ముందూ ఎందుకు, మీ వయసుకు ఈ అవమానం ఎందుకు అన్నాడు. "అబద్ధం నలభైమంది ముందు చెప్పాను బాబూ, నిజం మాత్రం గదిలో చెప్పాలా?" అన్నాను. ఒప్పుకున్నాడు. ఆదివారం బల్ల పెట్టకముందు లేచి చెబుతాను. సోమవారం పోలీసు స్టేషనుకు పోయి అక్కడా చెబుతాను. వాళ్ళు ఏం చేస్తే అది.

నా కోసం నువ్వు పేరు తీసేయించుకోవడానికి నాది అభ్యంతరం. ఇది కావాలంటే రాసిస్తాను. నా మీద కోపం ఉంటే ఉండనీ. కోపం ఉన్నవాడు పంచకూడదంటే, అబద్ధం చెప్పినవాడు తినకూడదు, తాగినవాడు లోపలికే రాకూడదు. ఇక ఆ బల్ల ఎవరికోసం వేశారు? కుర్చీలకా? నువ్వు నీ తాగుబోతులకు ఏం చెప్పావో అదే నాకూ చెప్పావు, కడుపు మండుతూ కూడా చెప్పావు. అంతకన్నా ఎక్కువ చేసే పెద్ద మీ సంఘంలో ఎవరున్నారు?

నీ కళ్ళు నేను తీసుకున్నాను. అవి తిరిగి ఇచ్చే దారి ఒక్కటే తెలుసు నాకు. బోర్డు ఖాళీగా ఉంది, వీడు సరిగ్గా చూశాడు అని అందరి ముందూ అంటాను. ఆ మాట నువ్వు అక్కడ నిలబడి వినాలి. ఉత్తరంలో చదవడం వేరు.

ఇంకొకటి. నేను ఎవరి దగ్గరా ఏదీ అడిగి ఎరగను. అడిగించుకోవడమే తెలుసు. మా ఇంట్లో ఇద్దరు మగాళ్ళం, ఇద్దరమూ నోరు తెరిచి అడగలేదు. నేను పిలిచి ఇవ్వలేదు, వాడు వచ్చి అడగలేదు, పోయాడు. కాబట్టి అడుగుతున్నాను. దేవుణ్ణి అడిగాను. కుదరడం లేదు, మాటలు రావడం లేదు, అయినా మోకాళ్ళ మీద ఉండి అడిగాను. ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. నన్ను క్షమించు. ఈ రెండు మాటలకు మూడు కాగితాలు పాడయ్యాయి.

క్షమించలేకపోతే, క్షమించలేను అని రాయి. దాన్ని పట్టుకుని కూడా ఆదివారం లేచి నిలబడతాను, అందుకు నువ్వు కారణం కావు. రానంటే, రాను అని రాయి, మీ అక్కకు చదివి వినిపిస్తాను. ఇంత రాసి ఖాళీ కవరు వచ్చినా ఓర్చుకుంటాను. ఏమీ రాకపోతే మాత్రం ఓర్చుకోలేను.

మాకు శనివారం టపా మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. రెండింటికి గేటు దగ్గర ఉంటాను. సెప్టెంబరు ఐదు, శనివారం, రెండు గంటలు. వస్తావా, రావా? ఆ లోపల నీ జవాబు నాకు చేరాలి.

నీ బావ